సుడిగాలి మన శత్రువా?

ఈసారి సావనీరుకు ఏదైనా మన జిల్లాల గురించి రాయండి సార్ అని యూనియన్ మిత్రులు అడిగారు. మన జిల్లాల గురించి అనగానే కలం పట్టిన ప్రతివాడూ రాసేవి రెండే రెండు సంగతులు. నల్లగొండ వాడైతే ఫ్లోరైడు, పాలమూరు వాడైతే వలస. ఆ రెండూ రాయవలసినవే, ఎంత రాసినా తీరనివే. కానీ ఈ రెండు జిల్లాల మీద ఏటా ఎండాకాలంలో క్రమం తప్పకుండా వచ్చిపోయే అతిథి ఇంకొకరున్నారు. ఆయన గురించి ఎవరూ రాయరు. ఆయన పేరు గాలి. నేను ఆయన గురించి రాస్తాను. ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి కనక నాకా హక్కు కొంత ఉన్నదనే అనుకుంటున్నాను.

మా మేనల్లుడు సెలవులకు వస్తే వీడియో గేమ్ తప్ప వాడికి వేరే లోకం లేదు. మొన్న వాడి పక్కన కూర్చుని చూశాను. సూపర్ మారియో అనే జపాను వారి ఆట. 1996లో వచ్చిన 'సూపర్ మారియో 64'లో ఇసుక ఎడారి దశ ఒకటుంది. ఆ ఎడారిలో ఇసుకలోంచి సుడిగాలి ఒకటి లేస్తుంది. దాని పేరు ట్వీస్టర్. 2000లో వచ్చిన 'పేపర్ మారియో'లోనూ ఎడారి ఉంది, అక్కడా అదే సుడిగాలి. మన సినిమాల్లో విలన్ వేషం ఒకే నటుడికి కట్టబెట్టినట్టుగా, ఎడారి వస్తే చాలు వీడు ప్రత్యక్షం. దగ్గరికి పోతే మారియోని గిరగిర తిప్పి పైకి విసిరేస్తాడు. పేపర్ మారియోలోనైతే ఎత్తుకుపోయి ఎడారిలో మరోచోట పడేస్తాడు.

"వీడు మనల్ని చంపుతాడా?" అని అడిగాను. వాడు నా అజ్ఞానానికి నవ్వి, "చంపడు మామయ్యా, పైకి లేపుతాడంతే. కిందికి మెల్లగనే దిగుతం. ఎత్తు మీదికి పోవాల్నంటే వాని మీదికే పోవాలె" అన్నాడు. పదేళ్ళ పిల్లవాడు చెప్పిన ఈ మాట నాలుగు రోజులు నన్ను వదల్లేదు. శత్రువని తెరమీదికి తెచ్చినవాణ్ణి ఆ పిల్లవాడు నాలుగుసార్లు ఆడేసరికి నిచ్చెన చేసుకున్నాడు!

సుడిగాలికి రాక్షస వేషం వేయడం జపాను వారు కనిపెట్టిన విద్యేమీ కాదు. మన భాగవతం దశమస్కంధంలో తృణావర్తుడున్నాడు కదా. బమ్మెర పోతన తెలుగులో ఆ ఘట్టం చదవని పాతతరం వాళ్ళు మన ఊళ్ళలో తక్కువ. కంసుడు పంపిన ఆ రాక్షసుడు సుడిగాలి రూపంలో గోకులానికొస్తాడు. ధూళితో ఊరంతా కమ్మేస్తాడు. ఏడాది బిడ్డ కృష్ణుణ్ణి ఆకాశానికి ఎత్తుకుపోతాడు. తరువాత ఏం జరిగింది? కృష్ణుడు బాణం వెయ్యలేదు, చక్రం తిప్పలేదు. వాడి మెడ పట్టుకుని బరువెక్కాడు. ఆ బరువు మొయ్యలేక రాక్షసుడే రాతిమీద కూలిపోయాడు. తృణం అంటే గడ్డిపరక, ఆవర్తం అంటే సుడి. గడ్డిపరకల్ని సుడి తిప్పేవాడు అని పేరులోనే వాడి బలమూ ఉంది, బలహీనతా ఉంది. గడ్డిపరక దొరికినంతసేపే వాడు మొనగాడు. బరువు తగిలితే వాడి పని అయిపోయింది. ఈ 'బరువు' అన్నమాట దయచేసి గుర్తుంచుకోండి, మళ్ళీ దానిదగ్గరికే వస్తాను.

ఇక మూడో రాక్షసుడు మన ఊరివాడే. ఫాల్గుణం పోయి చైత్రం రాగానే చెలకలన్నీ ఖాళీ. ఎర్రమట్టి పెనంలా కాలుతుంటుంది. మధ్యాహ్నం వేళ ఎక్కణ్ణుంచో చిన్న సుడి లేచి, ఆకులూ చిత్తుకాగితాలూ చుట్టుకుంటూ, చూస్తుండగానే తాటిచెట్టంత అవుతుంది. మా నాయనమ్మ అయితే, "దయ్యం పోతున్నది, కండ్లు మూసుకోర బిడ్డా, ఉమ్మెయ్" అనేది. మేము ముగ్గురం పిల్లలం మూడుసార్లు ఉమ్మి, దయ్యాన్ని జయించామని ఇంటికి పోయేవాళ్ళం. ఆ రాత్రి ఎవరికైనా జ్వరం వస్తే గాలి సోకిందనేవారు. ఇప్పటికీ అంటున్నారు.

నాయనమ్మను వెక్కిరించడానికి నేనీ మాట చెప్పటం లేదు. కనిపించని దానికి ముఖం పెట్టడం మనిషి బుద్ధి. ముఖం ఉంటే కనీసం అటు చూస్తాం, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాం. ఆటవాళ్ళూ, భాగవతమూ, నాయనమ్మా ముగ్గురూ చేసింది ఒకటే. నా పేచీ ముఖం పెట్టడంతో కాదు, ఆ తరువాత ఏం చేశామన్నదానితో. మా మేనల్లుడు వాడి చాలు నేర్చుకున్నాడు. భాగవతం బరువు అనే ఉపాయం చెప్పింది. మనం మాత్రం ఉమ్మేసి ఇంటికి పోయాం. పోనీ ఉమ్మింది సరైనవాడి మీదనా అంటే, అదీ కాదు.

అసలు ఈ సుడిగాలి ఎవరు? మబ్బులేని మధ్యాహ్నం బీడునేల విపరీతంగా కాగుతుంది. నేలనంటిన గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న గాలి దూసుకొస్తుంది. వచ్చేటప్పుడు ఏ కొంచెం మెలిక ఉన్నా, కేంద్రానికి దగ్గరౌతున్నకొద్దీ అది వేగంగా తిరుగుతుంది. బొంగరం మీద చేతులు ముడుచుకున్నట్టు అన్నమాట. దాని వెడల్పు సాధారణంగా కొద్ది మీటర్లు, ఆయుష్షు కొద్ది నిమిషాలు. నేలమీద పుట్టి పైకి పోయేదే కాని మబ్బులోంచి దిగింది కాదు. మన ప్రాంతంలో అది చేసే నష్టం మహా అయితే ఆరేసిన బట్టలు, ఒక పాత గడ్డివాము, కళ్ళలో కాస్త దుమ్ము.

ఉపకారం చేసిన సుడిగాలులు కూడా ఉన్నాయంటే నమ్ముతారా? అంగారక గ్రహం మీదికి అమెరికా వాళ్ళు పంపిన 'స్పిరిట్' అనే బండికి సూర్యరశ్మి పలకలే ఆధారం. వాటిమీద దుమ్ము పేరుకుని కరెంటు తగ్గిపోతూ వచ్చింది. 2005 మార్చిలో అక్కడి సుడిగాలులే ఆ దుమ్ము ఊడ్చిపెట్టి బండికి మళ్ళీ జవసత్వాలిచ్చాయి. మనం ఉమ్మేసే దయ్యం అక్కడ చీపురు పట్టి పాకీ పని చేసిందన్నమాట!

మరి ప్రాణాలు తీసే గాలి ఏది? ఇక్కడే మన భాష కూడా మనల్ని కొంత తికమక పెడుతోంది. చెలకలో లేచే చిన్న సుడినీ సుడిగాలి అంటాం, అమెరికాలో ఊళ్ళు లేపేసే టోర్నడోనూ పత్రికల్లో సుడిగాలి అనే రాస్తాం. చిన్నది సుడిగాలే, పెద్దదీ సుడిగాలే అయితే, చిన్నదాన్ని చూసి అనవసరంగా భయపడతాం, లేకపోతే పెద్దదాన్ని చూసి కూడా భయపడం. టోర్నడో వేరు. అది గొప్ప ఉరుముల మేఘం కిందినుంచి నేలదాకా దిగే సుడి. లోపలి గాలి గంటకు 300 కిలోమీటర్లు దాటడం కూడా ఉంది. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని మానిక్‌గంజ్ ప్రాంతంలో దౌలత్‌పూర్, సాటూరియాల మీదుగా పోయిన టోర్నడోలో దాదాపు 1,300 మంది చనిపోయారు. ప్రపంచంలో అంతమందిని బలిగొన్న టోర్నడో మరొకటి లేదంటారు. మన ఎగువ నేలల్లో అలాంటిది బహు అరుదు.

మనకు అరుదుగా కాక ఏటేటా వచ్చేది మూడో రకం. మన జనం దానికి చక్కటి పేరే పెట్టారు - గాలిదుమారం. దాని వెనకే గాలివాన. ఏప్రిల్, మే నెలల్లో రోజంతా ఉక్కపోసి, సాయంత్రానికి ఒకవైపు ఆకాశం నల్లబడి, కాసేపు ఆకు కూడా కదలదు. మబ్బులో వాన చినుకులూ వడగళ్ళూ పడుతూ పడుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువై ఒక్కసారిగా కిందికి కూలుతుంది. నేలకు తగిలి నాలుగువైపులకూ చిమ్ముతుంది. బిందెడు నీళ్ళు బండమీద కుమ్మరిస్తే ఎట్లా చిమ్ముతాయో అట్లా. వానకంటే ముందుగా దుమ్ముతో కలిసి మొఖానికి చల్లగా తగిలేది ఆ గాలే. "అబ్బ, చల్లబడ్డది" అని మనం వాకిట్లోకి వచ్చి నిలబడతాం. నిలబడకూడని క్షణం అదే.

2024 మే 26న, ఆదివారం, ఇదే జరిగింది. నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ళషెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. ఆ ఒక్కరోజు గాలివానకు రాష్ట్రంలో పదిమందికి పైగా పోయారు. అక్కడికి ఏ దయ్యమూ రాలేదు. ఏటా వచ్చే నెలలో, ఏటా వచ్చే వేళకు, ఏటా వచ్చే గాలే వచ్చింది. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' కథకు 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందని మనం సగర్వంగా చెప్పుకుంటాం. కథలో గాలివానకు అంత గౌరవమిచ్చిన జాతి, నిజం గాలివానకు మర్నాటి పేపర్లో ఒక మూల కాస్త చోటిచ్చి ఊరుకోవడం న్యాయమా?

గాలిని గౌరవించడం అంటే ఏమిటో టెట్సుయా ఫుజిటా అనే శాస్త్రజ్ఞుడి జీవితం చెబుతుంది. జపానులో పుట్టి, 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళిన మనిషి. 1945లో అణుబాంబు పడ్డ నాగసాకిని పరిశీలించినప్పుడు, పైనుంచి కిందికి తగిలిన దెబ్బకు వస్తువులు నక్షత్రం కిరణాల్లా నాలుగువైపులా పడి ఉండటం ఆయన చూశాడు. తరువాత 1974లో అమెరికాలో టోర్నడోలు పాడుచేసిన అడవుల మీద విమానంలో తిరుగుతుంటే, కొన్నిచోట్ల చెట్లు సుడి తిరిగినట్టు కాక అదే నక్షత్రం ఆకారంలో పడి ఉన్నాయి. ఇది సుడి కాదు, మేఘంనుంచి కూలిన గాలి అని ఆయన తేల్చాడు. 1975 జూన్ 24న న్యూయార్కులో దిగబోతున్న విమానం కూలి 113 మంది చనిపోతే, దానికీ ఇలాంటి గాలే కారణమని వాదించాడు. చాలామంది ఒప్పుకోలేదు. తరువాత పరిశోధనలు ఆయన మాటే నిలబెట్టాయి. ఇవాళ విమానాశ్రయాల్లో ఆ గాలిని కనిపెట్టే యంత్రాలున్నాయంటే ఆ పట్టుదల చలవే. పడిపోయిన చెట్టు ఎటువైపు పడిందో చూడాలన్న ఒక్క చిన్న అలవాటు ఎందరి ప్రాణాలు కాపాడిందో ఆలోచించండి.

మన దగ్గర కూడా ఆ పాఠం చదువుకునే అవకాశం వచ్చింది. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి - మేడారం అడవిలో వేలాది చెట్లు కొద్దిసేపట్లో నేలకూలాయి. 50 వేల దాకా ఉంటాయని అధికారులు మొదట లెక్క చెప్పారు. టోర్నడో అని కొందరు, మేఘం నుంచి కూలిన గాలి అని కొందరు చర్చించారు. చర్చ మంచిదే. కాని మన చెలకల్లో, మన తోటల్లో ఏటా పడిపోయే చెట్ల గురించి చర్చ ఎప్పుడైనా జరిగిందా? నల్లగొండ బత్తాయి తోటల్లో రాలిన కాయ, కొల్లాపూర్ మామిడి తోటల్లో విరిగిన కొమ్మ, మార్కెట్ యార్డులో తడిసిన వడ్ల కుప్ప - ఇవి ఎటునుంచి వచ్చిన గాలికి, ఏ తేదీన, ఏ వేళకు జరిగాయో రాసిపెట్టిన నోటుబుక్కు మీలో ఎవరి ఇంట్లోనైనా ఉందా?

ఇప్పుడు బరువు సంగతికొస్తాను. గాలి వేగం రెండింతలైతే దాని తోపు రెండింతలు కాదు, నాలుగింతలౌతుంది. ఇంటికప్పు మీదుగా గాలి వేగంగా పోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గుతుంది. తెరిచిన తలుపులోంచి దూరిన గాలి కిందినుంచి ఎత్తుతుంది. స్లాబు ఇల్లు దాన్ని లెక్కచెయ్యదు, ఎందుకంటే అది బరువు. రేకుల ఇల్లు లెక్కచెయ్యక తప్పదు. రేకు ఎగిరిపోకుండా మనవాళ్ళు దాని మీద బండరాళ్ళు పెడతారు. కృష్ణుడి ఉపాయమే, కాని బరువు చోటు తప్పింది! గాలికి రేకుతోపాటు ఆ రాళ్ళు కూడా కింద పడుకున్నవాళ్ళ మీదికే వస్తాయి. అదే రేకును దూలానికి జె బోల్టులతో, అంచుల దగ్గర కాస్త దగ్గర దగ్గరగా బిగించి, దూలాన్ని గోడలోకి కట్టేస్తే ఇల్లు మొత్తం ఒకే బరువౌతుంది. దీనికయ్యే ఖర్చు పెద్దది కాదు. పైకప్పు పడని, అడ్డగోడ లేని కొత్త గోడ కూడా అంతే. నిలబడినట్టే ఉంటుంది కాని దాన్ని పట్టుకుని ఉన్నదేదీ లేదు. మబ్బు కనపడగానే దాని పక్కనుంచి కూలీలను పక్కకు రమ్మనాలి. ఆ నాలుగు నిమిషాల పని ఆగితే మేస్త్రీకి పోయేదేమీ లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. గాలి మనకు శత్రువు కాదు. మన తేలికతనమే మనకు శత్రువు. కట్టిన కప్పు తేలిక, పెట్టిన గోడ తేలిక, అన్నిటికంటే ముఖ్యంగా కూలివాడి ప్రాణం తేలిక. తృణావర్తుడు ఎవరిని ఎత్తుకుపోతాడు? గడ్డిపరకలా ఉన్నవాణ్ణి. దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసిన పాలమూరు మనిషి తన ఊళ్ళో తన ఇంటి మీదికి రెండు బోల్టులు కొనలేకపోతే, ఆ తప్పు గాలిదంటామా? దీనికి మనం 'ప్రకృతి వైపరీత్యం' అనే పెద్దమాట వాడతాం. ఏటా మే నెలలో వచ్చేది వైపరీత్యం ఎట్లా అవుతుంది? ఏటా వచ్చేది ప్రకృతి. ఏటా వస్తున్నా సిద్ధపడకపోవడం వైపరీత్యం.

"గాలిని ఎవరాపుతారండీ" అని పెద్దలు అడుగుతారు. ఆపనక్కర్లేదు. ఎప్పుడొస్తుందో తెలుసుకుంటే చాలు. వాతావరణ శాఖ 1875 నుంచీ ఈ దేశంలో ఉంది. ఇవాళ మూడు గంటల ముందు జిల్లాల వారీగా హెచ్చరిక ఇస్తోంది. పసుపు, నారింజ, ఎరుపు అని రంగులు కూడా పెట్టింది. ఆ హెచ్చరిక మన ఫోన్ల దాకా వస్తోంది, చెలకలో గోడ కడుతున్న మనిషి దాకా పోతోందా అన్నదే ప్రశ్న. "ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి కద సార్" అని ఒక విద్యార్థి నాతో వాదించాడు. ఫోన్ ఉంది నిజమే. కాని గచ్చు కలుపుతున్న చేతికి ఫోన్ ఎత్తే తీరిక లేదు. నారింజ రంగంటే పని ఆపాలని వాడికెవరూ చెప్పలేదు. చెప్పినా, ఆపితే ఆ పూట కూలి ఎవరిస్తారో తేలలేదు. ఈ మూడో ప్రశ్న ఫిజిక్స్‌ది కాదు. కాని దానికి జవాబు దొరకనంతకాలం మొదటి రెంటికీ జవాబులుండి లాభం లేదు.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది ఈ ఎనిమిది కొత్త జిల్లాల పల్లెలనుంచి వచ్చినవాళ్ళే. ఎన్.ఎస్.ఎస్. క్యాంపు అంటే ఊళ్ళో రోడ్లు ఊడ్చి ఫోటో దిగడం అనుకోకండి. ఈ వేసవికి ముందు ఒక్క ఊరు తీసుకోండి. రేకుల ఇళ్ళెన్ని, రాళ్ళు పెట్టినవెన్ని, బోల్టులున్నవెన్ని, బడి ప్రహరీ ఎక్కడ వాలింది, లెక్క రాయండి. పంచాయతీకి ఇవ్వండి. హెచ్చరిక వచ్చిన రోజు గుడి మైకులోనూ మసీదు మైకులోనూ చెప్పించండి. గాలివాన వెలిశాక చెట్లు ఎటు పడ్డాయో, ఎన్ని గంటలకు పడ్డాయో నోటుబుక్కులో గీయండి. పదేళ్ళు గీస్తే అది మన నేల గాలికి జాతకచక్రం అవుతుంది. సైన్సు చదివేవాళ్ళే చెయ్యాలని లేదు. తెలుగు చదివేవాళ్ళు ముసలివాళ్ళ దగ్గర గాలి పేర్లు సేకరించండి. ఏ గాలికి ఏ పేరో తెలియనివాడికి ఏ గాలికి భయపడాలో కూడా తెలియదు.

ఆటలో ఒక నీతి ఉంది. అదే శత్రువు అదే చోట మళ్ళీ మళ్ళీ వస్తాడు, మూడోసారి కూడా ఓడిపోతే తప్పు ఆటగాడిది. ఆటలో ఓడితే ఇంకో ప్రాణం ఇస్తారు. చెలకలో ఇవ్వరు. వచ్చే చైత్రానికి మన సుడిగాలి తప్పకుండా వస్తుంది. దాన్ని చూసి ఉమ్మకండి, అది అమాయకురాలు. దాని వెనక నెల తిరక్కుండా రాబోయే గాలిదుమారానికి అది ముందొచ్చిన టపా అనుకోండి. ఆ సాయంత్రమే ఇంటికి పోయి మీ రేకులకు బోల్టులున్నాయో లేదో చూసుకోండి.